నాయకుడు అడిగే మొదటి ప్రశ్న

'నాయకుడు' అనే మాటను మనం సభల్లోనూ, పత్రికల్లోనూ, గోడల మీది ప్రకటనల్లోనూ ఎంతో విరివిగా వాడుతూ రావడం వల్ల అది చెల్లుబాటైన కొద్దీ అరిగిపోయిన నాణెం వంటిదైంది. సంస్కృతంలో 'నీ' ధాతువుకు తీసుకొనిపోవు, నడిపించు అని అర్థం. నాయకుడంటే నడిపించేవాడు. ఉర్దూ కవులు నాయకుణ్ణి 'మీరె కారవాఁ' అన్నారు. అంటే బిడారుకు పెద్ద అని. రెండు భాషల్లోనూ ఆ మాటలో ప్రయాణమున్నదే గాని కుర్చీ లేదు. ఈ సంగతి మనం మొదటే గుర్తుంచుకోవడం మంచిది.

అలంకారశాస్త్రం చదివే మా తరగతి విద్యార్థులకు నాయక లక్షణాలు కొత్త కావు. ఓరుగల్లు ఆస్థానంలోని విద్యానాథుడు తన 'ప్రతాపరుద్రీయా'న్ని నాయక ప్రకరణంతోనే ప్రారంభించాడు. అంతకుముందే ధనంజయుడు 'దశరూపకం'లో ధీరోదాత్తునికి గాంభీర్యం, క్షమ, స్థిరత్వం, ఆత్మస్తుతి చేసుకోకపోవడం, అహంకారాన్ని పైకి కానరానీయకపోవడం, పట్టిన వ్రతాన్ని విడవకపోవడం వంటి గుణాలు చెప్పాడు. కావ్యనాయకుని కోసం చేసిన ఈ జాబితాలో పెద్ద గొంతు లేదు, ఎర్రబడిన కన్ను లేదు. మన కార్యాలయాల్లోనూ, కర్మాగారాల్లోనూ నాయకత్వమని చెలామణీ అవుతున్నవి మాత్రం తరచు ఈ రెండే!

ప్రతి సంవత్సరమూ చివరి తరగతి విద్యార్థులు ఉద్యోగాల ఇంటర్వ్యూలకు సిద్ధమవుతూ, "నాయకత్వ లక్షణాలేవి అని అడిగితే ఏం చెప్పమంటారు సార్?" అని నన్ను అడుగుతుంటారు. వారి చేతిలోని గైడులో ఒక పట్టిక ఉంటుంది. ఆత్మవిశ్వాసం, వాక్చాతుర్యం, సమయపాలన, దూరదృష్టి, నిర్ణయశక్తి. ఇవి అబద్ధాలు కావు. అయితే మందుల పేర్లు వల్లించినంత మాత్రాన రోగం కుదరనట్లే, గుణాల పేర్లు వల్లించినంత మాత్రాన నాయకుడు తయారు కాడు. పదిమంది కలిసి పనిచేసే చోట అసలైన నాయకుణ్ణి గుర్తించడానికి నాకు తెలిసిన గీటురాయి ఒక్కటే. ఆ చోట చెడువార్త పెద్ద చెవికి ఎంత త్వరగా చేరుతుంది? త్వరగా చేరుతుంటే అక్కడ నాయకుడున్నట్టు. దాచిపెట్టబడుతుంటే అక్కడ అధికారి మాత్రమే ఉన్నట్టు.

ఈ మాటను నేను పుస్తకాల్లో నేర్చుకోలేదు. మా మేనమామ తాపీ మేస్త్రీ. చదువు నాలుగో తరగతితో ఆగిపోయింది. సెలవుల్లో నేను ఆయన వెంట పనికి పోయి ఇటుకలు అందించేవాణ్ణి. ఇళ్లు కట్టే పనిలో అన్ని రోజులూ ఒక ఎత్తు, స్లాబు పోసే రోజు ఒక ఎత్తు. తెల్లవారకముందే కూలీలు, మిక్సర్ యంత్రం, ఇసుక, కంకర, సిమెంటు బస్తాలు, నీళ్ల డ్రమ్ములు అన్నీ సిద్ధం కావాలి. పోత మొదలైన తరువాత ఆపకూడదు. ఎక్కువసేపు ఆపితే ముందు పోసిన కాంక్రీటు బిగిసి, తరువాత పోసిన దానితో కలవక అతుకు పడుతుంది. వానాకాలంలో ఆ అతుకు దగ్గరే నీరు కారుతుంది. అందుచేత ఆనాడు మేస్త్రీ ముందు నిలిచి "ఆపండి" అనగల గుండె ఎవరికీ ఉండదు.

అటువంటి ఒకరోజు, పోత సగమైన తరుణంలో, కింద కాపలా ఉన్న పదిహేడేళ్ల కుర్రవాడు పరుగున వచ్చి సెంట్రింగు కింద ఒక సరుగుడు కర్ర జారిందనీ, రేకుల సందులో నుంచి సిమెంటు పాలు కారుతున్నాయనీ చెప్పాడు. ఆ మూల కర్రలు నిలబెట్టింది వాడే. అందరి కళ్లూ వాడి మీదికి తిరిగాయి. మామ మాత్రం "ఎక్కడ?" అని ఒక్క మాట అడిగాడు. మిక్సర్ ఆపించి, తానే కిందికి దిగి, కర్ర సరిచేసి, మేకు దిగ్గొట్టి, పక్కన మరి రెండు కర్రలు నిలబెట్టించి, పైకి వచ్చి పోత సాగించాడు. పావుగంట కూడా పట్టలేదు. సాయంత్రం కూలి లెక్కలు చూసేటప్పుడు కుర్రవాణ్ణి పక్కకు పిలిచి, కర్ర కింద చెక్కముక్క ఎట్లా పెట్టాలో, మేకు ఏ వాలున కొట్టాలో చేసి చూపించాడు. "ఎవరు పెట్టారు?" అన్న ప్రశ్న ఆయన నలుగురిలో అడగనే లేదు.

ఆనాడు 'ఎక్కడ?' అన్న ప్రశ్నకు బదులు 'ఎవరు?' అన్న ప్రశ్న ముందు వచ్చి ఉంటే ఏమయ్యేది? ఆ పూట స్లాబు నిలిచేదేమో. కాని ఆ తరువాత జారిన ప్రతి కర్ర సంగతీ కింద ఉన్నవాడి కడుపులోనే ఉండిపోయేది. నాయకుడు అడిగే మొదటి ప్రశ్నను బట్టి అతని కింద పనిచేసేవారు మరునాడు నోరు తెరవాలో, మూసుకోవాలో నిర్ణయించుకొంటారు.

పనిని చేతితో ఎరిగి ఉండడం నాయకునికి మొదటి అర్హత అని కూడా ఆ సంఘటన చెబుతుంది. కర్ర బిగించడం తెలిసినవాడు గనుకనే మామ కంగారు పడలేదు. పని తెలియని అధికారికి ప్రతి చెడువార్తా తన అజ్ఞానాన్ని బయటపెట్టేదిగా కనిపిస్తుంది. అందుచేత కోపం వస్తుంది. మన కార్యాలయాల్లో కనిపించే కోపంలో సగం పాలు అజ్ఞానమే.

పనిని ఎరగడం ఒక ఎత్తయితే మనుషులను ఎరగడం రెండో ఎత్తు. దీనికి ఉదాహరణ కోసం మనం దూరం పోనక్కరలేదు. హైదరాబాదులో 1909లో పుట్టి, బడిపంతులుగా బ్రతుకుతెరువు మొదలుపెట్టి, భారత ఫుట్‌బాల్ జట్టుకు 1950 నుంచి 1963లో మరణించే వరకు శిక్షకుడుగా ఉన్న సయ్యద్ అబ్దుల్ రహీం గారిని తలుచుకొంటే చాలు. ఆయన కథతో 2024లో 'మైదాన్' అనే హిందీ చలనచిత్రం వచ్చిన తరువాత గాని మన విద్యార్థుల్లో చాలామందికి ఆ పేరు తెలియలేదు. హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు కూడా ఆయనే శిక్షకుడు. 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచిన జట్టది. పగలు విధులు నిర్వహించే పోలీసు ఉద్యోగులతో ఇంతటి జట్టును నిలబెట్టడం సామాన్యమైన విషయం కాదు.

రహీం గారి పద్ధతిలో నాకు అన్నిటికన్నా నచ్చినది ఒకటి ఉన్నది. ఆయన ఎడమకాలు బలహీనంగా ఉన్నవారి కోసం, ఆ బలహీనమైన కాలితోనే ఆడవలసిన పోటీలు పెట్టించేవారు. బంతిని తన దగ్గరే పెట్టుకొని విన్యాసాలు చేసే అలవాటు మాన్పించడానికి డ్రిబ్లింగు లేని పోటీలు పెట్టించేవారు. లోపాన్ని దాచిపెట్టుకోవలసిన అవమానంగా గాక, నలుగురూ చూస్తుండగా సరిదిద్దుకోవలసిన పనిగా మార్చడం ఇందులోని కిటుకు. బలహీనమైన కాలు తనకొక్కడికే కాదు, పక్కవాడికీ ఉన్నదని తెలిసినప్పుడు మనిషి తన లోపాన్ని ఒప్పుకోవడానికి వెనుకాడడు.

1952లో హెల్సింకి ఒలింపిక్ క్రీడల్లో మన జట్టు యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడిపోయింది. మనవారిలో చాలామంది బూట్లు లేకుండా ఆడారు. ఒట్టికాళ్లతో ఆడడం మన గొప్ప అని చెప్పుకొనే రోజులవి. ఆ ఓటమి చెప్పిన చేదు నిజాన్ని విని, బూట్లు తప్పనిసరి చేశారు. నాలుగేళ్ల తరువాత, 1956లో, మెల్‌బోర్న్‌లో రహీం గారి జట్టు ఆస్ట్రేలియాను 4-2 తేడాతో ఓడించి సెమీఫైనల్‌కు చేరింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఆసియా ఖండపు జట్టు ఒకటి అంతదూరం పోవడం అదే మొదలు. చెడువార్తను విని సహించినవారికి దక్కిన ఫలం అది.

1962 జకార్తా ఆసియా క్రీడల కథ మరీ గొప్పది. మొదటి ఆటలోనే మనవారు దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడిపోయారు. తరువాత థాయిలాండు మీది ఆటలో రక్షణపంక్తికి ఆధారమైన జర్నయిల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. వేరొక శిక్షకుడైతే ఆ ఆటగాణ్ణి పక్కన కూర్చోబెట్టి అదృష్టాన్ని నిందించేవాడు. రహీం గారు ఆ మనిషి ఏమి చేయలేడు అని గాక, ఏమి చేయగలడు అని ఆలోచించారు. వెనుకపంక్తిలో నిలిచేవాణ్ణి తీసుకొనిపోయి ముందుపంక్తి నడుమ నిలిపారు. సెమీఫైనల్‌లో జర్నయిల్ సింగ్ గోలు చేశాడు. సెప్టెంబరు 4న జరిగిన ఫైనల్‌లో, మొదట మనలను ఓడించిన దక్షిణ కొరియా మీదనే, పి.కె. బెనర్జీ ఒక గోలు, జర్నయిల్ సింగ్ ఒక గోలు చేయగా 2-1తో స్వర్ణపతకం మనదైంది. మైదానం నిండా ఉన్న ప్రేక్షకులు మనవారికి వ్యతిరేకంగా కేకలు వేస్తున్న రోజది. అప్పటికే రహీం గారి ఊపిరితిత్తులను కాన్సరు తినివేస్తున్నది. 1963 జూన్ 11న ఆయన కన్నుమూశారు. ఒలింపిక్ సెమీఫైనల్‌కు గాని, ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణానికి గాని మన పురుషుల జట్టు మళ్లీ చేరలేకపోయింది.

ఇక మూడో గుణం, నింద వచ్చినప్పుడు ముందు నిలబడడం. నెల్లూరు సముద్రతీరాన శ్రీహరికోట నుంచి 1979 ఆగస్టు 10న ప్రయోగించిన ఎస్.ఎల్.వి.-3 రాకెట్టు రెండో దశలో అదుపు తప్పి బంగాళాఖాతంలో కూలిపోయింది. ఆ పథకానికి సంచాలకుడు ఏ.పి.జె. అబ్దుల్ కలాం. అంతరిక్ష పరిశోధన సంస్థ అధ్యక్షుడు సతీష్ ధవన్. పత్రికలవారు ప్రశ్నలతో సిద్ధంగా ఉన్నారు. ధవన్ గారు కలాంను వారి ముందుకు పంపక తానే కూర్చొని, బాధ్యత తన మీద వేసుకొని, ఏడాదిలోగా విజయం సాధిస్తామని చెప్పారు. 1980 జూలై 18న రోహిణి ఉపగ్రహం కక్ష్యలో ప్రవేశించినప్పుడు మాత్రం పత్రికలవారితో మాట్లాడవలసిందిగా కలాంను పంపి, తాను వెనుకకు తప్పుకొన్నారు. కలాం గారు రాష్ట్రపతి అయిన తరువాత కూడా ఈ సంగతిని ఎన్నో సభల్లో చెప్పుకొన్నారు.

దీనిని ఉదారగుణం అని మెచ్చుకొని ఊరుకొంటే సగమే అర్థమైనట్టు. ఇందులో పనికి సంబంధించిన సూత్రం ఒకటి ఉన్నది. పైవాడు నిందను అడ్డుకొన్నాడు గనుక కిందివారు కూలిన రాకెట్టును నిర్భయంగా పరీక్షించగలిగారు. ఎక్కడ ద్రవం కారింది, ఏ కవాటం సరిగా మూసుకోలేదు అన్నది దాచవలసిన అవసరం ఎవరికీ లేకపోయింది. 'ఎవరు?' అన్న ప్రశ్నకు ధవన్ గారు ముందే తన పేరు చెప్పేశారు. ఇక మిగిలినది 'ఎక్కడ?' అన్న ప్రశ్నే.

ఇందుకు ఎదురు ఉదాహరణ అమెరికాలో జరిగింది. 1986 జనవరి 28న ఛాలెంజర్ అనే అంతరిక్ష నౌక బయలుదేరిన 73 సెకన్లకు పగిలిపోయి అందులోని ఏడుగురూ మరణించారు. అంతకుముందు రాత్రే, రాకెట్టు భాగాలను తయారుచేసిన సంస్థలోని ఇంజనీర్లు, చలి ఎక్కువైతే రబ్బరు వలయాలు బిగుతు కోల్పోతాయనీ, ప్రయోగం వాయిదా వేయడం మంచిదనీ చెప్పారు. మొదట ఒప్పుకొన్న వారి పైఅధికారులు ఒత్తిడికి లొంగి మాట మార్చారు. చివరి అనుమతి ఇచ్చిన పెద్దలకు ఇంజనీర్ల అభ్యంతరం సంగతి చేరనే లేదు. విచారణ జరిపిన రోజర్స్ సంఘం రబ్బరు వలయంతోపాటు నిర్ణయం తీసుకొన్న పద్ధతిని కూడా తప్పుపట్టింది. జ్ఞానానికి, ధనానికి, యంత్రాలకు కొదువలేని చోట కూడా చెడువార్త మెట్లెక్కి పైకి పోలేకపోయింది.

అంతరిక్షం సంగతి అటుంచి, మన వంటివారి ఉద్యోగాల్లోనూ ఇదే జరుగుతుంది. ఈ కళాశాలకు రాకముందు నేను పనిచేసిన ఒక ప్రైవేటు విద్యాసంస్థలో నీళ్ల మోటారు కాలిపోయిందని చెప్పవచ్చిన అటెండరును పెద్దాయన అందరి ఎదుట నానా మాటలూ అన్నారు. మోటారు కాల్చింది ఆ అటెండరు కాదు. వార్త తెచ్చినవాడు మాత్రమే. వారం తిరగకముందే పరీక్షలు వచ్చాయి. ప్రశ్నపత్రాలు తక్కువగా వచ్చిన సంగతి గుమాస్తాకు ముందురోజు సాయంత్రమే తెలుసు. ఆయన చెప్పలేదు. ఎందుకు చెబుతాడు? మరునాడు నలభై మంది పిల్లలు గంటసేపు వరండాలో నిలబడ్డారు. వారిలో పల్లెల నుంచి మొదటి బస్సుకు వచ్చిన ఆడపిల్లలు ఉన్నారు. ఆకలితో, బెదురుతో రాసిన ఆ పరీక్షలో ఎవరికి ఎన్ని మార్కులు తగ్గాయో ఏ రికార్డూ చెప్పదు. ఒక అటెండరు మీద వేసిన కేక ఖరీదును ఆ పిల్లలు చెల్లించారు.

గుణాలు పుట్టుకతో రావచ్చు, రాకపోవచ్చు. నైపుణ్యాలు మాత్రం అభ్యాసం వల్లనే వస్తాయి. మీరు అలవరచుకోదగినవి కొన్ని చెబుతాను.

మొదటిది, పని చెప్పడం. "ఆ సంగతి కాస్త చూడవయ్యా" అనడం పని చెప్పడం కాదు. ఏమిటి, ఎప్పటిలోగా, ఎవరు, అడ్డం వస్తే ఎవరిని అడగాలి అన్న నాలుగూ స్పష్టం కావాలి. చెప్పిన తరువాత విన్నవాని చేత అతని మాటల్లో తిరిగి చెప్పించుకోవాలి. సగం తప్పులు అక్కడే పట్టుబడతాయి.

రెండోది, ఎదుటివాని భాషలో మాట్లాడడం. మన కళాశాలలో ఉర్దూ, తెలుగు రెండూ వినిపిస్తాయి. రేపు మీరు పనిచేసే దుకాణంలో, బ్యాంకులో, ఆసుపత్రిలో మరో రెండు భాషలు కలుస్తాయి. చెడువార్త చెప్పవలసిన మనిషికి అసలే నోరు పెగలదు. తనది గాని భాషలో చెప్పవలసి వస్తే మరీ పెగలదు. రెండు భాషలు వచ్చిన విద్యార్థికి రెండు చెవులు అదనంగా ఉన్నట్టు. మీరు మీ లోటుగా భావిస్తున్న ఈ ఇంటిభాష, బడిభాషల తేడా నిజానికి మీ మూలధనం.

మూడోది, మెచ్చుకోలు నలుగురిలో, మందలింపు నాలుగు గోడల మధ్య. ఇది అందరికీ తెలిసినదే. ఆచరించేవారు అరుదు. మందలింపు కూడదని నా మాటకు అర్థం కాదు. తప్పును చూసీ చూడనట్టు పోయేవాడు మంచివాడనిపించుకొంటాడేమో గాని నాయకుడు కాలేడు. పని దొంగను కాపాడితే ఆ బరువు పనిమంతుని భుజం మీద పడుతుంది. 'ఎక్కడ?' తరువాత 'ఎవరు?' అన్న ప్రశ్న తప్పక రావాలి. అయితే అది రెండో ప్రశ్న. దానిని అడిగే స్థలం వేరు, అడిగే స్వరం వేరు.

నాలుగోది, తాను లేనప్పుడు కూడా పని సాగేటట్టు చూడడం. నేను ఒక్కరోజు రాకపోతే ఇక్కడ ఆకు కదలదని గర్వంగా చెప్పుకొనే అధికారులున్నారు. అది గొప్ప కాదు. తన పక్కవారికి ఏమీ నేర్పలేదని తన నోటితో తానే ఇచ్చుకొనే సాక్ష్యం.

విద్యార్థినీ విద్యార్థులారా, మీలో చాలామంది మీ ఇళ్లలో డిగ్రీ చదువుతున్న మొదటి తరంవారు. నాయకత్వం పెద్ద ఇళ్లవారి సొత్తనీ, మనకు గుమాస్తా కుర్చీ దొరికితే చాలుననీ మీరు అనుకోవడం నేను విన్నాను. విద్యార్థినులైతే అది మగవారి పని అని మరొక అడుగు వెనుకకు వేస్తారు. నియామకపు ఉత్తరువు వచ్చిన నాడు నాయకత్వం మొదలవుతుందనుకోవడమే ఈ భ్రమకు మూలం. గ్రంథాలయ సంఘంలో, క్రీడాజట్టులో, వార్షికోత్సవంలో కుర్చీలు సర్దే బృందంలో, ఇంటి దగ్గర తమ్ముళ్ల, చెల్లెళ్ల చదువు బాధ్యతలో మీరు ఇప్పటికే పదిమందిని నడిపిస్తున్నారు. కళాశాల పాలకసంఘం పెద్దలకు కూడా ఒక్క మనవి. ఇటువంటి చిన్న బాధ్యతలు విద్యార్థులకు మరిన్ని అప్పగించండి. తప్పులు జరుగుతాయి. జరగనివ్వండి. తప్పు ఖరీదు తక్కువగా ఉండేది ఈ నాలుగేళ్లలోనే.

ఏదో ఒకనాడు మీకన్నా చిన్నవాడొకడు మీ ముందుకు వచ్చి, చేతులు నలుపుకొంటూ, "ఒక పొరపాటు జరిగింది" అంటాడు. వాడు మాట పూర్తి చేసేలోగానే మీ ముఖం వంక చూస్తాడు. ఇంకా చెప్పాలా, వద్దా అన్నది ఆ క్షణంలో నిర్ణయించుకొంటాడు. ఆ క్షణానికి మీ ముఖాన్ని ఇప్పటి నుంచే సిద్ధం చేసుకోండి.